దిమ్మ వెనక ఎవరు?

"తాళంచెవి ఇస్తావా, ఇవ్వవా?"

పొద్దున లేచిన దగ్గర్నించీ మరిది ఈ మాట అడగడం ఇది ఐదోసారి. అడిగిన ప్రతిసారీ గొంతు ఒక మెట్టు పైకెక్కుతోంది. వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడ్డ పెద్దకోడలికి, గిన్నెలో పాలకంటే ముందు మరిదే పొంగేలా ఉన్నాడనిపించి మంట తగ్గించింది.

"ఇవ్వను," అన్నాడు ఆమె భర్త.

అంతే. ఆయన మాటలెప్పుడూ అంతే. కలపపనిలో తనతో తిరిగినవాళ్ళంతా ఆయన్ని 'నిదానం' అని పిలుస్తారు. రంపం పట్టుకున్నా అదే నిదానం, చెంచా పట్టుకున్నా అదే నిదానం. ఆ నిదానమే ఇవాళ కొంప ముంచుతోందని తమ్ముడి బాధ.

"వింటున్నావా అమ్మా? పదింటికి ఆవిడొస్తుంది. ఇప్పుడు ఏడున్నర. ట్రాక్టర్ తీశానంటే రెండు గంటల్లో పాతిక మొద్దులు లాగేస్తాను. అవి మళ్ళీ పక్కకి ఒరుగుతాయి, వేళ్ళు పైకి లేస్తాయి. ఆవిడ చూస్తుంది, గాలికే పడ్డాయని రాసుకుంటుంది, తన దారిన తను పోతుంది. ఇందులో ఈ మహానుభావుడికి వచ్చిన నష్టమేంటో నాకు బోధపడట్లేదు!"

గోడవార కుర్చీలో అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని పరిహారం ఆఫీసు ఉత్తరం చదువుతోంది. అది వచ్చి నాలుగు రోజులైంది. చదివి చదివి ఇంట్లో అందరికీ కంఠతా వచ్చేసింది. 'దరఖాస్తుదారు చూపిన నూట నలభై మూడు మొద్దులు రంపముతో కోసినవిగాను, యథాస్థానములో నిలిచి ఉన్నవిగాను ఛాయాచిత్రములలో కనిపించుచున్నందున, వీటిని గాలివాన నష్టముగా పరిగణించుటకు వీలులేదు. అభ్యంతరమున్నచో పునఃపరిశీలన కోరవచ్చును.'

కోరారు. అందుకే ఇవాళ తనిఖీ అధికారి స్వయంగా కొండెక్కబోతోంది.

ఉత్తరం రాసినవాళ్ళని అనడానికి కూడా లేదు. ఆ మొద్దుల్ని చూస్తే ఎవరైనా అదే అనుకుంటారు. మూడు నెలల క్రితం ఒక్క రాత్రి వీచిన గాలికి కొండమీద చెట్లు వేళ్ళతో సహా పెళ్ళగించుకుని పడ్డాయి. అలా పడ్డ చెట్టుకి మొదట్లో వేళ్ళూ మట్టీ కలిసి మనిషెత్తున గోడలా లేచి నిలబడతాయి. దాన్ని కలపవాళ్ళు దిమ్మ అంటారు. దుంగని ఆ దిమ్మ దగ్గర కోశారంటే, బరువు తప్పిన దిమ్మ వెనక్కి వాలి, తను లేచొచ్చిన గోతిలోనే మళ్ళీ చతికిలబడుతుంది. ఇక అక్కడ గాలీ లేదు, వానా లేదు. ఎవరో తీరిగ్గా చెట్టు కోసుకుపోయి మొద్దు వదిలేసినట్టుంటుంది.

వదిలేయొచ్చు కదా, ఎందుకు కోశారంటారా? దిమ్మ అలా నిలబడి ఉంటే ఎప్పుడు ఎవరిమీద కూలుతుందో తెలీదు. కొండమీది అడ్డదారినే రోజూ బడిపిల్లలు నడుస్తారు. అందుకని నిదానం పన్నెండు రోజులు కొండమీదే ఉండి, ఒక్కొక్క దిమ్మనీ పడుకోబెట్టి వచ్చాడు. పద్నాలుగో రోజున పరిహారం కాగితం వచ్చింది. అందులో మొదటి వాక్యమే 'తనిఖీ జరుగువరకు పడిన చెట్లను కదల్చరాదు' అని. పక్క కొండవాడు బద్ధకంకొద్దీ ఒక్క కొమ్మ కూడా తీయలేదు. అతనికి మొన్ననే మంజూరైంది. కింద పొలాలవాళ్ళకి పంటనష్టం ఎప్పుడో అందింది. నేలకొరిగిన పైరు ఎవరి కళ్ళకైనా కనిపిస్తుంది కదా.

"పడుకున్నవాడికి పరిహారం!" మరిది చెయ్యి తిప్పుతూ అన్నాడు. "పన్నెండు రోజులు ఒళ్ళు హూనం చేసుకున్నవాడికి ఉత్తరం! బాగుందిరా న్యాయం. పైగా అబద్ధం ఆడదామని నేనేమన్నా అంటున్నానా? అవి గాలికి పడినవే కదా! పడ్డదాన్ని పడ్డట్టు చూపిద్దామంటున్నాను."

"ఒరేయ్," అంది అత్తగారు. ఉత్తరం మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "పాతిక దిమ్మలు మళ్ళీ లేపుతావా? లేపి, వాటి పక్కన నిలబడతావా?"

మరిది తిప్పుతున్న చెయ్యి దించేశాడు.

మామగారు పోయింది దిమ్మ వెనకే. ఇరవై రెండేళ్ళ కిందటి మాట. ఎండగా ఉందని లేచిన దిమ్మ నీడన కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు. అటువైపు ఇంకో మనిషి చూసుకోకుండా దుంగ కోశాడు. దిమ్మ వెనక్కి వాలింది. అప్పుడు నిదానానికి పంతొమ్మిదేళ్ళు. ఆ రోజునుంచీ ఆయన దిమ్మని ముట్టుకునే ముందు చుట్టూ ఒకసారి తిరిగి, వెనక్కి తొంగి చూసి, "వెనకెవరు?" అని మూడుసార్లు కేకేస్తాడు. చుట్టూ మైలు దూరంలో పిట్ట కూడా లేదని తెలిసినా సరే, ఆ మూడు కేకలూ పడాల్సిందే. కూలీలు మొదట్లో నవ్వేవాళ్ళు. తర్వాత వాళ్ళకీ అలవాటైపోయింది.

పెద్దకోడలు టీ గ్లాసులు తెచ్చి ముగ్గురికీ ఇచ్చింది. భర్త గ్లాసు అందుకున్నాడుగానీ ఆమె ముఖంలోకి చూడలేదు. నాలుగు రోజులుగా ఇదే వరస. ఉత్తరం వచ్చినప్పటినుంచీ ఆ మనిషి తిండి కెలుకుతున్నాడు తప్ప తినడం లేదు.

బాధ ఉండదూ మరి? కొండ ఆమె పేరున ఉంది. మామగారు పోయాక అత్తగారు పట్టుబట్టి పెద్దకోడలి పేర రాయించింది, మగవాళ్ళ చేతిలో ఉంటే చెట్టు మిగలదని. పరిహారం వస్తే కొండమీద మళ్ళీ మొక్కలు నాటుకోవచ్చు. రాకపోతే కొండ అమ్ముకోవడమే. కొంటానన్న వ్యాపారి నెలాఖరుకల్లా కబురు చెప్పమన్నాడు. అతను కొనేది చెట్ల కోసం కాదు, కొండని తొలిచి రాయి తీయడానికి. ఆ తర్వాత అక్కడ నాటడానికి మట్టి కూడా మిగలదు.

"నేనొక మాట చెప్పనా?" అందామె.

"చెప్పు వదినా. ఈ ఇంట్లో మాట్లాడే నోరు నాదొక్కటే అయిపోయింది."

"దొంగతనంగా ముందే లాగడం దేనికి? ఆవిడ వచ్చాకే లాగుదాం, ఆవిడ కళ్ళముందే. గాలికి పడ్డ చెట్టుకి ఒకవైపు వేళ్ళు తెగిపోయి ఉంటాయి కదా? ట్రాక్టర్ కాస్త లాగితే చాలు, ఒరుగుతుంది. మనిషి కోసిన చెట్టయితే వేళ్ళు పట్టుకునే ఉంటాయి, ట్రాక్టర్ తలకిందులైనా కదలదు. అవునా, కాదా? ఏది లాగాలో ఆవిడనే చూపించమందాం. మనం ఎంచి పెట్టామన్న మాట కూడా రాదు."

మరిది ఒక్క క్షణం వదిన వంక కళ్ళప్పగించి చూశాడు. తర్వాత తొడమీద చరుచుకున్నాడు.

"అబ్బ! వదినా, నువ్వు ఈ ఇంట్లో పుట్టాల్సినదానివి."

"ఈ ఇంట్లో పుడితే ఈ బుర్ర ఉండేది కాదులే," అంది అత్తగారు. నాలుగు రోజుల తర్వాత ఆవిడ పెదాలమీద నవ్వు కనిపించింది.

నవ్వనిది ఒక్కడే. నిదానం టీ గ్లాసు కింద పెట్టాడు. సగం కూడా తాగలేదు.

"వద్దు," అన్నాడు.

"మళ్ళీ వద్దంటాడేంటి!" మరిది లేచి నిలబడ్డాడు. "ఇది కూడా వద్దా? అయితే ఏం చేద్దాం? వ్యాపారికి కబురు పంపమంటావా? నువ్వే తీసుకెళ్ళి వదిన చేత సంతకం పెట్టించు."

అన్న లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

"చూశావా వదినా?" మరిది గొంతు ఈసారి పైకెక్కలేదు, దిగింది. "నన్ను నమ్మడు. నేనేదో చెడగొడతానని తాళంచెవి దాచాడు. ఇరవై ఏళ్ళనుంచీ వాడి వెనక కర్రలు మోస్తున్నాను, ఇవాళ్టికీ నేను నమ్మకం లేనివాణ్ణే."

"అది కాదు బాబూ. మామయ్యగారి సంగతి గుర్తొచ్చుంటుంది. నేను మాట్లాడతాను, ఆగు."

పెరట్లో ట్రాక్టర్ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని నిదానం మోటారు రంపం గొలుసు ఆకురాయితో పదును పెడుతున్నాడు. ఇవాళ రంపంతో పనేమీ లేదు. నిన్న సాయంత్రమే పెట్టాడు కూడా. పెద్దకోడలు వెళ్ళి ఎదురుగా నిలబడింది. ఆయన తలెత్తలేదు. ఆకురాయి ఒకసారి గీసిన పన్నునే మళ్ళీ గీసింది.

"ఏమండీ."

"ఊఁ."

"నేను చెప్పినదాంట్లో తప్పుందా?"

"లేదు."

"మరి?"

ఆయన గొలుసు వదిలేసి చేతులు పాతగుడ్డకి తుడుచుకున్నాడు. వేలు వేలునీ విడివిడిగా తుడుచుకున్నాడు. ఆమె ఎదురుచూసింది. ఈ మనిషితో పదిహేడేళ్ళ కాపురంలో ఆమె నేర్చుకున్న విద్య అదొక్కటే.

"ఆ మొద్దుల్లో..." అని ఆగాడు. "నువ్వు నెంబర్లేసిన మొద్దుల్లో..."

"తెలుసులెండి," అందామె. ఆయన అంత కష్టపడుతుంటే చూడలేకపోయింది. "మామయ్యగారు కనిపిస్తున్నారు మీకు. నాకు తెలీదా? ఒక్క నాలుగు మొద్దులండీ. మీరే దగ్గరుండండి. మీరే చుట్టూ తిరిగి చూడండి, మీరే మూడు కేకలూ వెయ్యండి. లాగాక మళ్ళీ వెనక్కి వాల్చేద్దాం. ఎవరికీ ఏమీ కాదు."

ఆయన ఆమెని అలా చూస్తూ ఉండిపోయాడు. ఏదో చెప్పబోయిన నోరు మెల్లగా మూసుకుంది. పెద్దకోడలు ఆ చూపులో తన మాటకి ఒప్పుకున్న మనిషిని చూసింది. చూడాల్సింది అది కాదని ఆమెకి తెలియడానికి ఇంకా మూడు గంటలుంది.

"నీకు నడక పడుతుందా అంత ఎత్తు?" అని అడిగాడు.

"పడుతుంది. ఆపరేషనై అయిదు నెలలు దాటింది. ఇంకా గాజుబొమ్మలా చూస్తారేంటి నన్ను?"

ఆయన చొక్కా లోపలి జేబులోంచి తాళంచెవి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. ఒంటి వేడికి వెచ్చగా ఉంది.

తనిఖీ అధికారి పదింటికి పది నిమిషాల ముందే వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. గొడుగూ, హంగూ ఏమీ లేవు. కాళ్ళకి మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, మెడలో కళ్ళజోడు, చంకలో కాగితాల అట్ట. ఇంట్లోకి రమ్మంటే రాలేదు, టీ ఇస్తామంటే వద్దంది. "పని అయ్యాక తాగుతాను. ముందే తాగితే మొహమాటం," అంది. అత్తగారికి ఆ మాటతో ఆవిడ నచ్చేసింది.

మరిది ట్రాక్టర్ ముందు తోలుకెళ్ళాడు. అత్తగారు తప్ప మిగతావాళ్ళు వెనక నడిచారు. పెద్దకోడలి చేతిసంచిలో నీలం రంగుడబ్బా, కుంచె ఉన్నాయి. వానలకి నెంబర్లు ఎక్కడన్నా చెరిగిపోతే మళ్ళీ దిద్దాలని తెచ్చింది. నెంబర్లన్నీ ఆమె వేసినవే. గాలివాన తర్వాత రోజూ సాయంత్రం కొండెక్కి, భర్త ఒక వరస ముగించి పై వరసకి వెళితే, తను కింది వరసలో కనిపించిన ప్రతి మొద్దుకీ నెంబరు వేసుకుంటూ వచ్చింది. ఆస్పత్రినుంచి వచ్చాక ఆమె చేసిన మొదటి పని అదే. బరువెత్తొద్దన్నారుగానీ కుంచె పట్టుకోవద్దనలేదుగా అని అత్తగారితో వాదించి మరీ వెళ్ళింది.

కొండ వాలులో మొద్దులు వరసలు వరసలుగా ఉన్నాయి. గాలివాన ముందు ఇక్కడ పట్టపగలు కూడా నీడే. ఇప్పుడు ఎండ నేరుగా తలమీద పడుతోంది.

"చూస్తే కోసినట్టే ఉన్నాయి మరి," అంది అధికారి, ఒక మొద్దుమీద చెయ్యి పెట్టి.

"కోసినవే మేడమ్," అంది పెద్దకోడలు. "పడ్డాక కోశాం." అని దిమ్మ సంగతంతా చెప్పింది. పిల్లల దారి చెప్పింది. మామగారి సంగతి కూడా చెప్పింది. అధికారి రాసుకోవడం ఆపి విన్నది. చివరికి, ఏది కావాలంటే అది లాగి చూపిస్తామని చెప్పగానే కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"పదిహేనేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. ఇలా ఎవరూ అనలేదు," అంది. "సరే. ఆ పన్నెండో నెంబరు."

మరిది ఇనుపతాడు తెచ్చి మొద్దుకి చుట్టాడు. నిదానం చుట్టూ తిరిగాడు. వెనక్కి వంగి చూశాడు.

"వెనకెవరు? వెనకెవరు? వెనకెవరు?"

కేక ఎదురుకొండకి తగిలి తిరిగొచ్చింది. అధికారి ఏమిటన్నట్టు చూసింది. "ఆయన అలవాటు మేడమ్," అంది పెద్దకోడలు. చెప్తుంటే ఆమెకి గర్వంగా కూడా ఉంది.

ట్రాక్టర్ మెల్లగా కదిలింది. తాడు బిగిసింది. మొద్దు ఒకసారి ఊగి, పక్కకి ఒరిగి, మట్టినీ వేళ్ళనీ ఎత్తుకుని నిలువునా లేచింది. ఒకవైపు వేళ్ళన్నీ తెగి, చివర్లు నల్లబడి ఉన్నాయి. అధికారి గోతిలోకి దిగి ఆ చివర్లని వేలితో నలిపి చూసింది. రెండు ఫోటోలు తీసుకుంది.

"బావుంది. నలభై ఒకటి."

నిదానం తిరిగాడు, చూశాడు, మూడు కేకలేశాడు. నలభై ఒకటి కూడా లేచింది. మరిది ట్రాక్టర్ మీంచి వదినకి కన్ను గీటి, "ఇంకో రెండు చూపించండి మేడమ్, మాకు సరదాగా ఉంది!" అన్నాడు. అధికారి కూడా నవ్వింది. పెద్దకోడలికి గుండెలమీంచి బరువు దిగిపోయినట్టయింది. కొండ నిలిచింది, ఇంక ఫరవాలేదు అనుకుంది.

"చివరిది ఒకటి చూసి దిగుదాం," అంది అధికారి, వాలు మధ్యలోకి నడుస్తూ. "ఇదిగో, ఎనభై ఏడు."

మరిది తాడు చుట్టాడు. వెళ్ళి ట్రాక్టర్ ఎక్కాడు. అందరూ నిదానం కోసం ఆగారు.

నిదానం కదల్లేదు.

మొద్దుకి నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. చుట్టూ తిరగలేదు. వెనక్కి తొంగి చూడలేదు. కేక వెయ్యలేదు. రెండు చేతులూ పక్కన వేలాడేసి, ఎనభై ఏడన్న నెంబరు వంకే చూస్తున్నాడు.

పెద్దకోడలికి ముందు అర్థం కాలేదు. మర్చిపోయాడేమో అనుకుంది. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి మర్చిపోనివాడు ఇవాళ మర్చిపోతాడా? మర్చిపోలేదు. ఈ మొద్దు లేవదని ఆయనకి తెలుసు. లేవని దిమ్మ వెనక ఎవరుంటే ఏమిటి?



"ఏమైందన్నయ్యా? కేకెయ్యి!" మరిది అరిచాడు. "సరే, నేనే వేస్తా," అని తనే మూడుసార్లు అరిచి, బండి కదిలించాడు.

తాడు బిగిసింది. ఇంజను గొంతు పెంచింది. ట్రాక్టర్ ముందు చక్రాలు జానెడు ఎత్తు గాల్లోకి లేచాయి. మొద్దు చీమ కదిలినంత కూడా కదల్లేదు.

"ఆపరా," అన్నాడు నిదానం.

ఇంజను ఆగింది. అధికారి వంగి మొద్దు మొదట్లో మట్టి బూటుతో గీకింది. వేళ్ళు నాలుగువైపులా బలంగా భూమిలోకి దిగి ఉన్నాయి.

"ఇది గాలికి పడలేదు," అంది.

"లేదమ్మా," అన్నాడు నిదానం. "నేను కోశాను. గాలివానకి రెండు నెలల ముందు."

మరిది ట్రాక్టర్ దిగి వచ్చాడు. అతని ముఖంలో కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. పొద్దున్నించీ నమ్మలేదని అన్నని తిట్టిన మనిషి, ఇప్పుడు తాడు చుట్టుకుంటూ నిలబడ్డాడు.

"ఎన్ని?" అని అడిగింది పెద్దకోడలు.

"పదకొండు."

ఆ అంకె వినగానే ఆమె చెయ్యి తనకు తెలియకుండానే పొట్టమీద కుట్ల దగ్గరికి వెళ్ళింది. ఆస్పత్రిలో తనున్నది పదకొండు రోజులు. డబ్బెక్కడిదంటే కలపపనివాళ్ళ సంఘం సర్దిందన్నాడు. వెళ్ళేముందు ఆమె తలమీద చెయ్యి వేయించుకుని మరీ చెప్పింది, నా కోసం కొండమీద ఒక్క చెట్టు కూడా ముట్టుకోవద్దని. ఆయన సరేనన్నాడు. సరేనని పొద్దున కొండెక్కి, రోజుకో చెట్టు కోసి అమ్మి, మధ్యాహ్నం ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చునేవాడు. గోళ్ళల్లో రంపంపొట్టు ఉంటే, పని మానొద్దని తనే చెప్పింది కదా అనుకుంది.

"నేను నెంబరు వేస్తుంటే ఆపొచ్చు కదండీ?"

"నువ్వప్పుడే లేచి తిరుగుతున్నావు. నవ్వుతూ వేస్తున్నావు," అన్నాడు. "ఆపితే ఎందుకని అడుగుతావు. రేపు చెబుదాంలే, రేపు చెబుదాంలే అనుకున్నాను."

పొద్దున పెరట్లో ఆ మనిషి చెప్పబోయాడు. నోరు తెరిస్తే 'తెలుసులెండి' అని మూయించింది ఎవరు? తనే! పెద్దకోడలికి ఆయనమీద కోపం వచ్చింది, తనమీద అంతకంటే ఎక్కువ వచ్చింది. ఏడుపు కూడా వచ్చిందిగానీ పరాయి మనిషి ముందు ఏడవడం ఇష్టంలేక మింగేసింది.

అధికారి అట్టమీద కాగితాలు తిరగేసింది. ఆవిడకీ ఈ పని నచ్చడం లేదని ముఖం చూస్తే తెలుస్తోంది.

"ఇదుగోండి, మీ సంతకం," అంది. "'పైన చూపినవన్నియు గాలివానకు పడినవే' అన్న మాట కింద. సాక్షి సంతకం మీ ఆయనది. నేనిప్పుడు ఒక ప్రశ్న అడగాలి. అడక్క తప్పదు. మీరిది తెలిసి రాశారా, తెలియక రాశారా?"

"ఏది చెబితే ఏమవుతుంది మేడమ్?" మరిది అడిగాడు.

"తెలిసి రాశారంటే దరఖాస్తు మొత్తం పోతుంది. నూట నలభై మూడూ పోతాయి, అంతటితో సరి. తెలియక రాశారంటే ఆ పదకొండూ కొట్టేసి మిగతావాటికి పరిహారం రాయగలను. కానీ అప్పుడు తెలిసీ సాక్షి సంతకం పెట్టిన మనిషి పేరు పైకి పంపాలి. చెట్లు కోసే లైసెన్సు రద్దవుతుంది. నా కాగితంలో ఉన్నవి రెండే గళ్ళు. మూడోది లేదు."

"తెలీదమ్మా ఆమెకి," అన్నాడు నిదానం వెంటనే. ఆయన జీవితంలో అంత తొందరగా మాట్లాడిన మాట ఇంకోటి లేదు. "రాసుకోండి. తెలీదు."

"మిమ్మల్ని అడగలేదండీ," అంది అధికారి మెత్తగా. "ఆవిడని అడిగాను."

కొండా, ఈ మనిషి చేతిలో రంపమా? రంపం తప్ప ఇంకో పని చేతకాని మనిషి. పంతొమ్మిదో ఏటనుంచీ పట్టుకున్నది అదొక్కటే. ఇక కొండ పోతే మళ్ళీ చెట్టన్నది కంటికి కనిపించదు. నిజం చెప్పడం ఇంత కష్టంగా ఉంటుందని పెద్దకోడలు ఏనాడూ అనుకోలేదు. తెలీదన్నది నిజమే. ఆ నిజం చెబితే పోయేది ఈయన.

ఆమె సంచిలోంచి రంగుడబ్బా తీసింది. మూత రాకపోతే మరిది అందుకుని తీసి ఇచ్చాడు. కుంచె ముంచి, ఎనభై ఏడు మీద అడ్డంగా ఒక గీత గీసింది.

"జవాబు?" అంది అధికారి.

"చెప్తాను మేడమ్. ముందు నేను తప్పు వేసిన నెంబర్లు నా చేత్తో కొట్టేసుకోనివ్వండి. ఇంకో పదున్నాయి." భర్త వైపు తిరిగింది. "నడవండి. చూపించండి."

నిదానం ముందు నడిచాడు. ఆమె వెనక నడిచింది. అధికారి వాచీ చూసుకుని, పడ్డ దుంగమీద కూర్చుంది. అట్ట ఒళ్ళోనే ఉంది, కలం మూత పెట్టలేదు.

వాలులో ముప్ఫై అడుగులు ఎక్కాక ఆయన ఒక మొద్దు దగ్గర ఆగాడు. తొంభై నాలుగు. మిగతావాటికంటే అది లావు. ఆమె వంగి కుంచె ఆనించబోయింది.

"ఇది..." అన్నాడాయన. ఈసారి ఆమె తొందరపడలేదు. నోరు మెదపకుండా ఆగింది. ఎంతసేపైనా ఆగాలనుకుంది.

"ఇది నువ్వు కళ్ళు తెరిచిన రోజుది," అన్నాడు.

కుంచె చివర్న నీలం రంగు చుక్క కట్టి, తొంభై నాలుగు మీద పడింది. కింద దుంగమీదనుంచి అధికారి ఇటే చూస్తోంది.